కోళ్ళ వల డిష్, ఇరవై రెండున్నర నిమిషాల పాఠం

(నెల్లూరు జిల్లాలో జరిగిన సైన్స్ టీచర్ల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగు విని రాసిపెట్టాం. మాట తడబడిన చోట్లు సరిచేయడం తప్ప ఇంకేమీ మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, రండి. ముందు బెంచీ అంటే పిల్లలకే కాదు, టీచర్లకీ భయమే.

నాకిచ్చిన టాపిక్కు టెక్నాలజీ, అంతరిక్షం, విద్య. మూడూ కలిపి ముప్పావు గంటలో చెప్పమన్నారు. అది నావల్ల కాదు. అందుకని ఒక ప్రశ్న అడుగుతాను, అది ఎటు తీసుకుపోతే అటు పోదాం. మీలో ఎంతమంది ఇంటి మీద డిష్ ఉంది? చేతులెత్తండి. బాగానే ఉన్నారు. అది ఎటు చూస్తోంది? దక్షిణం. ఇంకొకరు ఆగ్నేయం అంటున్నారు, అదీ సరే. ఉత్తరం అన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? లేరు. కంపెనీలు వేరు, ఊళ్ళు వేరు, బిగించిన కుర్రాళ్ళు వేరు. అయినా ఒక్క డిష్ కూడా ఉత్తరం వైపు ఎందుకు చూడదు?

మీకు తెలుసు, సైన్స్ టీచర్లు కదా. కానీ దీన్ని క్లాసులో ఎప్పుడైనా అడిగారా? భూమి ఒక చుట్టు తిరిగేలోగా ఉపగ్రహమూ ఒక చుట్టు తిరగాలి. అప్పుడే అది మనకి ఒకేచోట నిలబడ్డట్టు కనిపిస్తుంది. అలా నిలబడాలంటే సరిగ్గా భూమధ్యరేఖ నెత్తిన, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండాలి. మనం భూమధ్యరేఖకి ఉత్తరాన 14 డిగ్రీల దగ్గర ఉన్నాం. కాబట్టి దాన్ని చూడాలంటే దక్షిణానికి తిరగాల్సిందే. గ్లోబూ దారమూ ఇస్తే ఎనిమిదో తరగతి పిల్లాడు పది నిమిషాల్లో చెప్పేస్తాడు. మనం ఇవ్వం. పాఠ్యపుస్తకంలో 'భూస్థిర ఉపగ్రహం' అని ఉంటుంది, నిర్వచనం రాయించి మార్కులు వేసేస్తాం.

సరే, ఇంకో ప్రశ్న. మన రాష్ట్రంలో కొన్ని వందల పల్లెల్లో డిష్‌లు పడమటి వైపు చూసిన సంవత్సరం ఒకటుంది. కాస్త దక్షిణానికి ఒరిగి, పడమటికి. ఎప్పుడో చెప్పగలరా? మీలో చాలామంది అప్పటికి పుట్టలేదు లెండి.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా. దాని పేరు సైట్. పల్లెటూళ్ళకి ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు చెప్పే ప్రయోగం. ఆరు రాష్ట్రాలు: మనది, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్. అన్నీ కలిపి సుమారు 2,400 ఊళ్ళు. అప్పట్లో హైదరాబాద్‌లోనే టీవీ స్టేషన్ లేదు, గుర్తుంచుకోండి. అది వచ్చింది 1977 అక్టోబరులో. అంటే రాజధానికి రెండేళ్ళ ముందే కొన్ని పల్లెలు టీవీ చూశాయి. ఇది మన దగ్గర ఎప్పుడైనా జరిగిందా? కరెంటు ముందు పట్నానికి వచ్చింది, ఫోను ముందు పట్నానికి వచ్చింది, ఇంటర్నెట్టూ అంతే. ఒక్క టీవీ మాత్రం ఆ ఏడాది తలకిందులుగా వచ్చింది.

దీని వెనక ఉన్న మనిషి విక్రమ్ సారాభాయ్. 1969 ఆగస్టులో ఇస్రో పుట్టింది. మరుసటి నెలలోనే అమెరికా నాసాతో ఈ ప్రయోగం కోసం ఒప్పందం అయ్యింది. మనకి అప్పుడేమున్నాయి? కేరళలో తుంబ అనే చోట పైగాలిని కొలిచే చిన్న చిన్న సౌండింగ్ రాకెట్లు. సొంత ఉపగ్రహం లేదు. శ్రీహరికోట నుంచి మొదటి చిన్న రాకెట్టు ఎగిరిందే 1971లో. తిండిగింజలు బయటి నుంచి తెచ్చుకుంటున్న దేశం ఇది. అలాంటి దేశం పల్లెల్లో టీవీ పెడతానంటే నవ్వరా? నవ్వారు. ఆయన పట్టు విడవలేదు. కానీ పాపం, చూడటానికి లేడు. 1971 డిసెంబరు 30న పోయాడు. అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో యశ్‌పాల్ గారు, చిట్నిస్ గారు, వాళ్ళ బృందం ఆ పని పూర్తి చేసింది.

ఇక్కడ కొంచెం ఫిజిక్స్ చెప్పుకోవాలి, ఓపిక పట్టండి. ఆ రోజుల్లో మామూలు ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనం. దాన్ని పట్టడానికి నేల మీద కొండంత యాంటెన్నా కావాలి. 1971లో పూణే దగ్గర ఆర్వీలో కట్టిన దానికి వ్యాసం దాదాపు 30 మీటర్లు. అది పల్లెకి పెట్టగలమా? కాబట్టి లెక్క తిరగేశారు. పెద్ద యాంటెన్నాని పైన పెడితే కింద చిన్నది చాలు. నాసా వాళ్ళ ఏటీఎస్-6 అనే ఉపగ్రహానికి 9 మీటర్ల యాంటెన్నా ఉంది. రాకెట్టులో మడిచి పంపారు, పైకి వెళ్ళాక విచ్చుకుంది. 1974 మే 30న అది ఎగిరింది. మొదటి ఏడాది అమెరికాలోనే అలాస్కా, రాకీ పర్వతాల వైపు ఊళ్ళకి పాఠాలు, వైద్య సలహాలు అందించింది. తర్వాత దాన్ని నెమ్మదిగా జరుపుకుంటూ వచ్చి ఆఫ్రికాలో కెన్యా నెత్తిన నిలబెట్టారు. తూర్పు రేఖాంశం 35 డిగ్రీలు. ఆ ప్రయోగం జరిగిన మన పల్లెలు 78 దగ్గర. అందుకే మన డిష్ పడమటికి చూసింది. ఇప్పుడు అర్థమైందా?

ఇక నేల మీద ఏం పెట్టారనుకుంటున్నారు? మూడు మీటర్ల చట్రం, దానికి కోళ్ళ గూటికి కట్టే ఇనప వల. నిజంగానే కోళ్ళ వల. దాని నుంచి ఒక తీగ, ఒక పెట్టె, ఒక టీవీ. సెట్లు తయారు చేసింది మన హైదరాబాద్ ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్. కరెంటు లేని కొన్ని ఊళ్ళలో బ్యాటరీల మీద నడిపారు.

మాది కర్నూలు వైపు ఒక పల్లె. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా ఊరికి టీవీ రాలేదు. పక్క ఊరికి వచ్చింది. ఎంత కడుపుమంటగా ఉండేదో చెప్పలేను. పొద్దుటి పాఠాలు ఆ ఊరి బడి పిల్లలకే. సాయంత్రం మాత్రం ఎవరైనా చూడొచ్చు. సద్ది మూట కట్టుకోకపోయినా తిరునాళ్ళకి పోయినట్టే పోయేవాళ్ళం. ఆ బడి అరుగు మీద ఎత్తుగా చెక్కపెట్టె. తాళంచెవి అక్కడి అయ్యోరి మొలతాడుకి కట్టి ఉండేది. ఆయన వచ్చి తలుపులు తీసి, గుండ్రటి మీట తిప్పితే ముందు తెరంతా చీమలు పాకినట్టు ఉండేది. ఆ చీమల్ని కూడా ఎవరూ మాట్లాడకుండా చూసేవాళ్ళు.

ఒకటి చెప్పాలి. ఉన్నది ఒకే ఛానల్. హిందీ, ఒరియా, తెలుగు, కన్నడం, నాలుగు భాషల వాళ్ళూ దాన్నే పంచుకోవాలి. తెలుగు మొదలయ్యే ముందే సెట్టు పెట్టేస్తే పరాయి భాష వచ్చేది. అయ్యోరు కట్టేద్దామంటే జనం ఊరుకునేవాళ్ళు కాదు. ముక్క అర్థం కాకపోయినా అలాగే చూసేవాళ్ళం. ఒక ముసలాయన ఉండేవాడు, చూసింది చూసినట్టు తనే తెలుగులో కథ కట్టి చెప్పేవాడు. నాగలి కనబడితే ఒక కథ, ఆసుపత్రి కనబడితే ఒక కథ. తర్వాత అసలు తెలుగు కార్యక్రమం వచ్చినప్పుడు, అబ్బే, ఆయన కథే బాగుందనిపించేది.

పొద్దున బడి పిల్లలకి గంటన్నర. నాలుగు భాషలకి పంచితే ఒక్కో భాషకి ఇరవై రెండున్నర నిమిషాలు. అయిదేళ్ళ పిల్లల నుంచి పన్నెండేళ్ళ పిల్లల దాకా అందరికీ ఒకే పాఠం. ఆపడానికి వీల్లేదు, వెనక్కి తిప్పడానికి వీల్లేదు. ఒకటో తరగతి పిల్ల అర్థం కాలేదంటే ఏం చేస్తారు? మీరే చెప్పండి, అలాంటి క్లాసు మీకిస్తే ఏం చేస్తారు? తయారు చేసినవాళ్ళకి ఈ సంగతి తెలియక కాదు. పిల్లల సైన్స్ కార్యక్రమాల కోసం ఇస్రో బొంబాయిలో ప్రత్యేకంగా ఒక స్టూడియోనే నడిపింది. అయినా ఇరవై రెండున్నర నిమిషాలంటే అంతే.

ఆ ఏడాది అయిపోయాక ఫలితం ఏమొచ్చిందని లెక్కలు తీశారు. టీవీ ఉన్న ఊళ్ళు, లేని ఊళ్ళు పక్కపక్కన పెట్టి పోల్చారు. లేని ఊళ్ళంటే మా బోటి ఊళ్ళు. మేం రోజూ పక్క ఊరికి పోయి చూసొస్తున్న సంగతి ఆ లెక్కలు వేసినవాళ్ళకి ఎవరు చెప్పారో మరి! ఫలితాలు చూస్తే బడి పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. హాజరూ పెద్దగా పెరగలేదు. కానీ పిల్లల మాట పెరిగింది, భాష మెరుగైంది. కొత్త సంగతులు బడి బయట కూడా తెలుసుకోవాలన్న ఆసక్తి పెరిగింది. పెద్దవాళ్ళలో ఎక్కువ నేర్చుకున్నదెవరు? చదువు రాని వాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు. ఆరోగ్యం, పరిశుభ్రత, కుటుంబ నియంత్రణ, ఈ విషయాల్లో. వ్యవసాయంలో మాత్రం అంత లేదు. రైతుకి టీవీ వాడికంటే తన పొలం బాగా తెలుసు, అందులో వింతేముంది?

పరీక్షలో తేడా లేదు కాబట్టి ప్రయోగం వల్ల లాభం లేదని అప్పట్లో అన్నవాళ్ళున్నారు. నాకు ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పిల్లాడు నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడటం నేర్చుకుంటే అది ఫలితం కాదా? మన పరీక్షలో దానికి గడి లేదు, అంతే కదా!

అందరూ మర్చిపోయిన సంగతి ఇంకొకటి ఉంది. నేను ఇవాళ వచ్చింది అసలు దాన్ని చెప్పడానికే. సైట్‌లో పిల్లల పాఠాలే కాదు, టీచర్ల శిక్షణా ఉంది. సెలవుల్లో ప్రైమరీ టీచర్లని టీవీ ఉన్న ఊళ్ళకి పిలిచి, పన్నెండు రోజులు సైన్స్ ఎలా చెప్పాలో నేర్పారు. రెండు విడతల్లో దాదాపు 50 వేల మంది. టీవీలో పాఠం, రేడియోలో చర్చ, చేతిలో పుస్తకం, ఆ పైన తామే చేతులతో చేసి చూడాల్సిన ప్రయోగాలు. నాలుగూ కలిపి. ఒట్టి టీవీ చూసి ఇంటికి పొమ్మనలేదు.

మా అయ్యోరు ఆ శిక్షణకి పోయొచ్చాడు. అంతకు ముందు ఆయన ఎలా చెప్పేవాడంటారా? పుస్తకం తెరిచి ఒకడి చేత చదివించి, తను బీడీ కాల్చుకుంటూ వినేవాడు. తప్పు పట్టడం లేదు, అయిదు తరగతులకి ఆయన ఒక్కడే. శిక్షణ నుంచి తిరిగొచ్చిన మొదటి రోజు బడి ముందర ఒక కర్ర పాతించాడు. దాని నీడ కొస దగ్గర గులకరాయి పెట్టమన్నాడు. పొద్దున ఒకటి, కాసేపటికి ఒకటి, అలా సాయంత్రం దాకా. గులకరాళ్ళన్నీ కలిపి చూస్తే ఒక గీత. అన్నిటికంటే పొట్టి నీడ ఎటు చూపిస్తోంది, అదే ఉత్తరం అన్నాడు. మాకు దిక్కులంటే అంతవరకూ ఒక పద్యం లాగా అప్పజెప్పే మాటలు. ఆ రోజు ఉత్తరాన్ని కళ్ళతో చూశాం. ఇంకో సంగతి, ఆ తర్వాత వారం మేం పక్క ఊరికి పోయినప్పుడు ఆ కోళ్ళ వల ఎటు తిరిగి ఉందో చూశాం. పడమరకి కాస్త దక్షిణంగా. ఎందుకని అయ్యోర్ని అడిగితే, "నాకూ తెలీదురా, కనుక్కుని చెప్తా" అన్నాడు. కనుక్కుని చెప్పాడు కూడా.

అంటే ఏమిటి? ఉపగ్రహం మా బడికి రాలేదు. ఉపగ్రహం చూసొచ్చిన అయ్యోరు మా బడికి వచ్చాడు. టీవీ లేని ఊరికి ఆ ప్రయోగం అలా చేరింది. ఆ తేడా ఏ లెక్కల్లోకి ఎక్కుతుంది?

1976 జులై ఆఖరున అమెరికా వాళ్ళు తమ ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకున్నారు. అనుకున్నదే. మా పక్క ఊరి పెట్టెకి మళ్ళీ తాళం పడింది. తర్వాత కథ మీకు తెలుసు. 1983లో మన ఉపగ్రహం ఇన్సాట్-1బి, 1984లో కాలేజీ పిల్లలకి టీవీలో యూజీసీ పాఠాలు దేశమంతా. అంతకు ముందే 1982లో మన హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఇవన్నీ విడివిడిగా చెప్పుకోవాల్సినవి, ఇవాళ దాటేస్తున్నాను.

ఎడ్యుశాట్ దగ్గర మాత్రం ఆగాలి. 2004 సెప్టెంబరు 20. అప్పటికి నేను ఈ జిల్లాకే వచ్చి ఉన్నాను. సాయంత్రం నాలుగు గంటలప్పుడు పిల్లలందరినీ గ్రౌండులోకి తెచ్చాం. శ్రీహరికోట వైపు చూపించి, అదిగో, అది కేవలం చదువు కోసం పంపుతున్న ఉపగ్రహం, మీ కోసమే అని చెప్పాం. జీఎస్‌ఎల్‌వీ రాకెట్టు పైకి లేచింది. ముందు వెలుగు, చాలాసేపటికి శబ్దం. పిల్లల కేకలు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. శబ్దం ఎందుకు ఆలస్యంగా వచ్చింది సార్ అని ఒకమ్మాయి అడిగింది. ఆ రోజుకి అదే పాఠం అయ్యింది, మంచి పాఠమే.

తర్వాత? ఆ పాఠాలు మా బడికి రాలేదు. ఇంకో బడికి బదిలీ అయ్యాను, పేరు చెప్పను. అక్కడ తెర ఉంది, పెట్టె ఉంది, డాబా మీద డిష్ ఉంది. ఇన్వర్టరు బ్యాటరీ చచ్చి ఏడాదైంది. కొత్తది కొనాలంటే ఏ పద్దు కింద రాయాలో ఎవరికీ తెలియదు. బ్యాటరీ ధర ఎంత, ఉపగ్రహం ధర ఎంత? ఇది నా ఒక్కడి అనుభవమైతే చెప్పేవాణ్ణి కాదు. 2013లో, ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే కాగ్ నివేదికే రాసింది: నేల మీద నెట్‌వర్కుల ప్రణాళిక సరిగా లేదు, పాఠాలు సరిపడా తయారు కాలేదు, నడిపే యంత్రాంగం గట్టిగా లేదు అని. 2010లోనే ఆ ఉపగ్రహం పని అయిపోయింది. పైన ఉన్నన్నాళ్ళూ అది తన పని చేసింది. బాగా చేసింది.

అయితే అంతరిక్షం దండగా? లేదు లేదు, అలా తీసుకోకండి. సముద్రం వైపు చూడండి. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. పదివేల మంది దాకా పోయారు. మన సొంత వాతావరణ ఉపగ్రహం అప్పటికి లేదు. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. విశాఖ మీదికే వచ్చింది, చెట్టన్నది మిగల్లేదు. పోయినవాళ్ళు పదుల్లో. ఉపగ్రహం ఒక్కదాని వల్లే అనను. రాడార్లున్నాయి, ఫోన్లున్నాయి, తుపాను షెల్టర్లున్నాయి. ఆ పైన, చెప్పిన మాట నమ్మి ఇల్లు వదిలి కదిలిన జనం ఉన్నారు. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? ఏళ్ళ తరబడి చెప్పిన తేదీకి, చెప్పిన చోటుకి తుపాను రావడం వల్ల వచ్చింది.

చేపల సంగతీ అంతే. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రాన్ని చూస్తారు. ఉపగ్రహం నుంచి నీటి రంగు, నీటి వేడి కొలుస్తారు. పచ్చదనం ఎక్కువున్న చోట నాచు లాంటి సూక్ష్మజీవులుంటాయి, వాటి కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్ద చేపలు. ఏ రేవు నుంచి ఏ దిక్కుకి, ఎంత దూరం, ఎంత లోతులో అన్నది తెలుగులోనే చెప్తారు. మబ్బు కమ్మితే చెప్పలేరు, వేట నిషేధం రోజుల్లో చెప్పరు. ఇది నిలబడింది. ఎందుకు నిలబడింది? డీజిల్ ఖర్చు ఆదా అవుతోందా లేదా అన్నది మత్స్యకారుడికి ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది. పాఠం పనిచేసిందో లేదో మనకి పదేళ్ళకి గానీ తెలియదు. అందుకే మన బ్యాటరీ గురించి అడిగేవాళ్ళు లేరు.

2020లో కరోనాకి బళ్ళు మూతపడ్డ సంగతి ఎక్కువ చెప్పను, అందరం పడ్డాం. ఇక్కడ దూరదర్శన్ సప్తగిరిలో, తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు. ఇంట్లో ఒక ఫోను, ముగ్గురు పిల్లలు. ఫోను నాన్నతో పనికి పోతుంది. టీవీలో పాఠం వచ్చే టైముకి కరెంటు పోతుంది. మీలో చాలామంది బండి మీద ఊరూరూ తిరిగి, చెట్టు కింద నలుగుర్ని కూర్చోబెట్టి, టీవీలో చెప్పింది మళ్ళీ చెప్పారు. ఆ పని ఎవరు చెయ్యమన్నారు మీకు? కొంతమందికి సర్క్యులర్ వచ్చింది, చాలామంది రాకముందే చేశారు. నాకు మా అయ్యోరు గుర్తొచ్చాడు.

ఇప్పుడు బళ్ళలో పెద్ద ప్యానెళ్ళు వచ్చాయి. ముట్టుకుంటే పలికే తెరలు. మంచివే. ఎంతమంది రోజూ వాడుతున్నారు? చేతులెత్తొద్దులెండి, ఆఫీసరు గారు కూడా ఉన్నారు.

సరే, నా కోరిక ఒకటుంది. చిన్నదే. మన వాతావరణ శాఖ వెబ్‌సైట్లో ఇన్సాట్ తీసిన మబ్బుల ఫొటో అరగంటకోసారి మారుతూ ఉంటుంది. డబ్బు కట్టక్కర్లేదు. ఇన్సాట్-3డీఎస్ ఉంది చూశారా, 2024 ఫిబ్రవరిలో మన శ్రీహరికోట నుంచే పోయింది. మీ పిల్లలు దాన్ని కళ్ళారా చూసే ఉంటారు. ఈ అక్టోబరు, నవంబరు, డిసెంబరు, మనకి ఈశాన్య రుతుపవనాల కాలం. రోజూ ప్రార్థన అవ్వగానే ఆ ఫొటోని ప్యానెల్ మీద పెట్టండి. అయిదు నిమిషాలు చాలు. ఎనిమిదో తరగతిలో ఇద్దరికి ఒక నోట్‌బుక్ ఇవ్వండి. బంగాళాఖాతంలో మబ్బు ఎక్కడుంది, నిన్నటి కంటే ఎటు జరిగింది, రేపు మన ఊళ్ళో వాన పడుతుందా లేదా. తెలుగులో, వాళ్ళ మాటల్లో రాయమనండి. మర్నాడు నిజంగా పడిందా లేదా దాని కిందే రాయాలి. తప్పయితే కొట్టేయకూడదు, అలాగే ఉంచాలి. వారానికోసారి ఆ ఇద్దర్నీ మార్చండి, లేకపోతే క్లాసు ఫస్టు వచ్చే పిల్ల ఒక్కతే మూడు నెలలూ రాస్తుంది. ఆ మూల నుంచి ఎవరో నెట్ రాకపోతే ఏం చెయ్యాలంటున్నారు. మీ ఫోన్లో చూసి బోర్డు మీద సుద్దముక్కతో గీయండి మాస్టారూ. తీరం గీత ముందే గీసి ఉంచుకుంటే మబ్బు గీయడానికి నిమిషం పట్టదు.

జనవరిలో మళ్ళీ కలుస్తాం కదా, ఆ నోట్‌బుక్కులు పట్టుకు రండి. ఫొటో స్టాట్లు వద్దు, అసలువే తెండి, నేను కూర్చుని చదువుతాను. ఇక ప్రశ్నలుంటే అడగండి. టీ వచ్చినట్టుంది, ఇద్దరు ముగ్గురు అడిగాక లేద్దాం. ముందు ఆ వెనక అమ్మాయి, మీరు ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉన్నారు.